రాజ్యలక్ష్మి వేసుకోని మాత్రలు

పాప పుట్టిన పన్నెండో రోజు పొద్దున్న రాజ్యలక్ష్మి మంచం దిగబోతే ఎడమ కాలు మోపలేకపోయింది. ముందురోజు సాయంత్రం పిక్క దగ్గర లాగుతుంటే కాన్పు ఆపరేషన్ నీరసం కాబోలు అనుకుని ఊరుకుంది. ఇప్పుడు చూస్తే కాలు తొడదాకా వాచి, చర్మం నున్నగా మెరుస్తోంది. పక్కన కుడికాలు ఎవరో చిన్నపిల్ల కాలిలా ఉంది. చేయి వేస్తే వేడిగా తగిలింది.

అత్త కనకమ్మను పిలిచింది. కనకమ్మ చూసి, బాలింతలకు కాళ్ళు నీరు పట్టడం మామూలేనని, ఆముదం రుద్ది కాపడం పెడితే సాయంత్రానికి తీసేస్తుందని చెప్పి నీళ్ళు కాచడానికి వెళ్ళింది. ఆ నీళ్ళు కాగేలోపే లేయా రావడం రాజ్యలక్ష్మి అదృష్టం.

ముసునూరు చుట్టుపక్కల ఊళ్ళకు లేయా ఏఎన్ఎం. ఆ రోజు పాపను తూచడానికి వచ్చింది. తల్లి కాలు చూడగానే తూకం సంచి పక్కన పెట్టేసి, తన చేతిసంచిలోంచి టేపు తీసి రెండు పిక్కలనూ కొలిచింది. ఆముదం సీసా పట్టుకున్న కనకమ్మ చేతిని మెల్లగా ఆపింది.

"రుద్దొద్దు పెద్దమ్మా. కాపడం కూడా వద్దు. ఇది నీరు కాదేమోనని నా అనుమానం. ఇప్పుడే నూజివీడు తీసుకెళ్ళాలి."

ఏమిటో ఎందుకో అని కనకమ్మ అడుగుతుండగానే లేయా ఫోన్ చేసి ఆటో పిలిపించింది. రాజ్యలక్ష్మి భర్త సాయికుమార్ అప్పుడు తోటలో ఉన్నాడు. పాండురంగారావు అనే రైతు దగ్గర ముప్ఫై ఎకరాల మామిడి తోటకు అతనే కాపలా, అతనే మేస్త్రీ. మార్చి నెల మధ్య, పిందెలు గోలీల సైజు దాటుతున్న రోజులు. కబురు అందగానే మందు కొట్టే పని అక్కడే వదిలేసి, బండి మీద నేరుగా ఆసుపత్రికి వచ్చాడు.

నూజివీడులో ఆమెను చూసిన డాక్టరు పేరు కామేశ్వరి. యాభై దాటిన మనిషి, గొంతు ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంటుంది. స్కానింగ్ తీయించి, తొడలోని పెద్ద రక్తనాళంలో రక్తం గడ్డ కట్టిందని చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడూ, కాన్పయిన మొదటి వారాల్లోనూ ఆడవాళ్ళ రక్తం మామూలుకంటే తొందరగా గడ్డ కడుతుందని, పైగా ఆపరేషన్ అయి మంచం మీదే ఉండటంతో ఇలా జరిగిందని వివరించింది. ఆ గడ్డ ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ప్రమాదం. అందుకని పొట్ట మీద రోజూ రెండు ఇంజెక్షన్లు, వాటితోపాటు సాయంత్రం పూట ఒక మాత్ర మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు ఇంజెక్షన్లు ఆపేసి మూడు నెలలు మాత్ర ఒక్కటే వాడాలని చెప్పింది.

మొదటి రోజు ఇంజెక్షన్ చేస్తుంటే రాజ్యలక్ష్మి నర్సును ఒక్కటే అడిగింది, పాపకు పాలివ్వచ్చా అని. ఇవ్వచ్చమ్మా, ఈ ఇంజెక్షన్ పాలలోకి రాదు అని నర్సు చెప్పింది. దాంతో ఆమె మనసు కుదుటపడింది. వారం రోజులు ఆసుపత్రిలో పాప ఆమె పక్కలోనే ఉంది. కాలి కింద దిండు పెట్టుకుని, పక్కకు తిరిగి పాలిచ్చేది. వాపు సగం తీసింది. రక్తపరీక్షలో, రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె సరిపోయిందని చెప్పి, ఇంజెక్షన్లు ఆపి, మాత్రలు రాసిచ్చి ఇంటికి పంపారు. వచ్చే సోమవారం మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు.

ఇంటికి వచ్చిన రోజు మధ్యాహ్నం పాప నిద్రపోతుంటే రాజ్యలక్ష్మి మందుల సంచి సర్దింది. ఆమె ఇంటర్ దాకా చదువుకుంది. ఏ కాగితం చేతికొచ్చినా చదవనిదే పక్కన పెట్టదు. మాత్రల పెట్టెలో మడతలు మడతలుగా ఉన్న కాగితం విప్పి, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివింది. గర్భిణులు వాడకూడదు, బిడ్డకు హాని అన్న మాటలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. మిగతాది సగమే అర్థమైంది. ఫోనులో మందు పేరు కొట్టి చూస్తే ఒక వీడియో వచ్చింది. అందులో ఒకాయన, ఇది మొదట ఎలుకల మందుగా అమ్మిన పదార్థమని, దీన్ని మింగిన ఎలుకలు లోపల రక్తం కారి చస్తాయని చెబుతున్నాడు. చివర్లో, పాలిచ్చే తల్లులు ఏ మందు జోలికీ పోకపోవడం మంచిది అని ఒక మాట అనేసి నవ్వాడు.

ఆమె ఫోను బోర్లా పెట్టేసింది. పాలివ్వచ్చు అని నర్సు చెప్పింది ఇంజెక్షన్ గురించి. మాత్ర గురించి తను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. వారం రోజులుగా మాత్ర కూడా వేసుకుంటూనే పాలిచ్చింది కదా అని గుర్తొచ్చి గబగబా పాప దగ్గరికి వెళ్ళింది. పాప బట్టలు విప్పి వీపు, పొట్ట, కాళ్ళు అన్నీ తిప్పి చూసింది. ఎక్కడా మచ్చ కనబడలేదు. పాప నిద్రలోనే పెదాలు చప్పరించింది.

ఆ సాయంత్రం ఏడు గంటలకు కనకమ్మ మంచినీళ్ళ గ్లాసు, మాత్ర తెచ్చి ఇచ్చింది. రాజ్యలక్ష్మి మాత్రను నాలుక కింద పెట్టుకుని నీళ్ళు తాగింది. అత్త వెళ్ళాక తీసి, చేతిరుమాలులో ముడి వేసి, పాప బట్టల సంచి అడుగున దాచింది.

డబ్బా పాలు పడదామన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. కానీ రాజ్యలక్ష్మిది చింతలపూడి దగ్గర ఊరు. ఆమెకు ఏడాది నిండకముందే తల్లి పోయింది. అమ్మ గురించి ఎవరిని అడిగినా చెప్పేది ఒక్కటే, నిన్ను చంక దించేది కాదు అని. ఫొటో కూడా లేదు. అందుకే పాప మొదటిసారి రొమ్ము పట్టుకున్నప్పుడు, తనకు జ్ఞాపకం లేని సంగతేదో ఒంటికి జ్ఞాపకం వచ్చినట్టు అనిపించింది ఆమెకు. దాన్ని వదులుకోవడం ఆమె వల్ల కాలేదు. కాలు ఎలాగూ తగ్గుతోంది, పాప కాస్త పెద్దదయ్యాక మాత్రలు వేసుకోవచ్చులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. భర్తకు చెబితే కంగారుపడి పాలు మాన్పిస్తాడు. అత్తకు చెబితే భర్తకు చెబుతుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు.

కనకమ్మకు ఇదేమీ తెలియదు. ఆమెకు తెలిసింది కోడలికి పాలు బాగా పడాలి, కాలు తగ్గాలి అన్నదొక్కటే. ఏటా కోతల రోజుల్లో ఆమె కాయలు గ్రేడింగు చేసే షెడ్డుకు పనికి పోయేది. ఈ ఏడు రానని ముందే చెప్పేసింది. రోజూ పొద్దున్నే పెరటి మునగచెట్టు నుంచి లేత ఆకు దూసి, వెల్లుల్లి కారంతో వేయించి, వేడన్నంలో కలిపి పెట్టేది. మునగాకు తింటే పాలు పొంగుతాయని ఆమె నమ్మకం. నిజంగానే పాపకు పాలకు లోటు లేకపోయింది. గురువారం లేయా వచ్చి తూస్తే బరువు బాగా పెరిగింది. కానీ రాజ్యలక్ష్మి కాలు మాత్రం ఆసుపత్రి నుంచి వచ్చినప్పటికంటే తగ్గలేదు. లేయా టేపు పెట్టి చూసి, మాత్ర రోజూ వేసుకుంటున్నావా అని అడిగింది. వేసుకుంటున్నానని రాజ్యలక్ష్మి తల దించుకుని చెప్పింది. సోమవారం పరీక్ష మాత్రం తప్పించవద్దని లేయా రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

సోమవారం సాయికుమార్‌కు తోటలో కూలీలు వచ్చే రోజు కావడంతో కనకమ్మే కోడలిని, మనవరాలిని తీసుకుని నూజివీడు వెళ్ళింది. రక్తం తీసి, గంటసేపటికి కాగితం ఇచ్చారు. డాక్టర్ కామేశ్వరి ఆ కాగితం చూసి కళ్ళజోడు సవరించుకుంది.

"ఇంటికి వెళ్ళేటప్పుడు రెండుకి పైన ఉంది. ఇప్పుడు ఒకటి. మందు వేసుకోనివాళ్ళకు ఉన్నట్టే ఉంది" అని, రాజ్యలక్ష్మి కాలు నొక్కి చూసింది. తర్వాత తిండి సంగతి అడగడం మొదలుపెట్టింది. ఆకుకూరలు ఎక్కువగా తింటోందా, ఏవి, ఎంత?

కనకమ్మ కొంగు సర్దుకుంటూ ముందుకు వచ్చింది. మునగాకు పెడుతున్నానని చెప్పింది. ఎంత అంటే చేతులతో చూపించింది. రోజూనా అంటే రోజూ అంది.

డాక్టరు తల ఊపింది. ఆకుకూరల్లో రక్తాన్ని గడ్డకట్టించే విటమిన్ ఉంటుందని, ఒక్కసారిగా ఎక్కువ తింటే మాత్ర పని తగ్గుతుందని, మునగాకులో అది బాగా ఎక్కువని చెప్పింది. ఇంకా ఏదో చెప్పబోతుంటే కనకమ్మ ముఖం చూసి ఆగింది.

కనకమ్మ నిలబడే ఉంది.

"నేనేనండీ తప్పు చేసింది. పాలు పడతాయని పెట్టాను. చదువు లేనిదాన్ని, అడగాలని తెలీలేదు. పిల్లకేమైనా అయితే ఆ పాపం నాదేనండి. తల్లి లేని పిల్లని నా చేతుల్లో పెట్టారు, నేనిట్టా చేశాను."

రాజ్యలక్ష్మి పాపను ఒడిలో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది. అత్త చేతుల వంక చూసింది. కాయల సొనకు కాలి మచ్చలు పడ్డ ఆ చేతులే ఇన్ని రోజులుగా తనకు అన్నం కలిపి పెట్టాయి, పాపకు స్నానం చేయించాయి. ఆ చేతులు ఇప్పుడు కొంగు అంచును నలుపుతున్నాయి.

"అత్తయ్య తప్పు కాదండి" అంది. "నేను మాత్రలు వేసుకోవట్లేదు."

ఆమె పాప బట్టల సంచిలో చేయి పెట్టి అడుగునుంచి రుమాలు తీసి, ముడి విప్పి బల్ల మీద పరిచింది. తడిసి ఎండిన ఆరు మాత్రలు. కొన్ని రంగు వెలిసి రుమాలుకు అంటుకుని ఉన్నాయి.

కనకమ్మ వాటిని చూసి, కోడలిని చూసి, మెల్లగా పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

డాక్టరు కోప్పడలేదు. తలుపు దగ్గర తర్వాతి రోగిని పిలవబోతున్న నర్సును కాసేపు ఆగమంది. ఎందుకు మానేశావని అడిగింది. రాజ్యలక్ష్మి కాగితం సంగతి, వీడియో సంగతి, ఎలుకల మందు సంగతి చెప్పింది. చెబుతుంటే మధ్యలో ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చివరిదాకా చెప్పింది.

"వారం రోజులు తెలీక వేసుకున్నానండి. ఆ పాలే తాగింది పాప. లోపలేమన్నా అయిందేమో చూడండి."

కామేశ్వరి లేచి వచ్చి పాపను చేతుల్లోకి తీసుకుంది. కళ్ళు, చిగుళ్ళు, బొడ్డు, ఒళ్ళంతా చూసింది. పాప కార్డు అడిగి తీసుకుని, పుట్టిన రోజు విటమిన్ కె ఇంజెక్షన్ వేసినట్టు రాసి ఉందో లేదో చూసుకుంది. ఉంది. పాపను తిరిగి తల్లి ఒళ్ళో పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఎలుకల మందు మాట నిజమే. ఎలుకలకు వేసేదీ ఇదే. మోతాదు వేరు. ఉప్పు కూరలో వేసినంత వేస్తే రుచి, గుప్పెడు మింగితే వాంతి. నీకెంత కావాలో చూడటానికే గదా వారం వారం రక్తం తీసేది."

రాజ్యలక్ష్మి తల ఊపింది.

"ఇక రెండోది. ఆ కాగితంలో రాసింది కడుపుతో ఉన్నవాళ్ళ గురించి. అప్పుడు తల్లి రక్తంలో ఉన్నది మాయ గుండా బిడ్డకు వెళ్తుంది, అది ప్రమాదమే. ఇప్పుడు నీ పాప తాగేది నీ రక్తం కాదు, నీ పాలు. ఈ మాత్ర రక్తంలోనే అతుక్కుని ఉండిపోతుంది, పాలలోకి దిగదు. ఇది వేసుకునే తల్లుల పాలు తీసి పరీక్ష చేశారు. ఆ పిల్లల రక్తం కూడా తీసి చూశారు. ఏమీ తేడా లేదు. ఎన్నో ఏళ్ళ నుంచి పాలిచ్చే తల్లులకు ఇదే ఇస్తున్నాం. నువ్వు మాత్ర వేసుకో, పాలూ ఇవ్వు. రెండూ చెయ్యి."

"రెండూ చెయ్యొచ్చా అండీ?"

"రెండూ. ఈ మాట ఇంటికి పంపేటప్పుడే నీకు చెప్పాల్సింది. చెప్పలేదు. అది మా వైపు తప్పు."

ఆ చివరి మాట రాజ్యలక్ష్మి ఊహించలేదు. కనకమ్మ కూడా తల ఎత్తి చూసింది.

తర్వాత డాక్టరు చేయాల్సినవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసిచ్చింది. మాత్ర మళ్ళీ పనిచేసేదాకా కొద్దిరోజులు ఇంజెక్షన్లు తప్పవు. పాపకు ఒంటి మీద కమిలినట్టు మచ్చలు వచ్చినా, ముక్కు నుంచి గానీ చిగుళ్ళ నుంచి గానీ రక్తం కనిపించినా, విరోచనం నల్లగా అయినా వెంటనే తీసుకురావాలి. అలా జరగదనే అనుకుంటున్నాను, కానీ చూసుకుంటూ ఉండటం మంచిది అంది. ఒళ్ళు నొప్పులకు దుకాణంలో ఏ మాత్ర పడితే అది కొనుక్కోవద్దంది. బాలింత కాయం, లేహ్యాలు వాడొద్దంది. మూడు నెలలూ మళ్ళీ కడుపు రాకుండా జాగ్రత్తపడాలని, అది లేయాతో మాట్లాడుకోమని చెప్పింది.

"మరి మునగాకు మానెయ్యాలాండీ?" అని కనకమ్మ అడిగింది.

"మానొద్దు. రోజూ ఒకే కొలత పెట్టండి. ఒకరోజు గంపెడు, ఒకరోజు ఏమీ లేకుండా అయితేనే ఇబ్బంది. మీరు ఎంత పెడతారో దానికి తగ్గట్టు నేను మాత్ర సర్దుతాను."

తిరుగు ఆటోలో కనకమ్మ పాపను తన ఒళ్ళోకి తీసుకుంది. రోడ్డుకు రెండు వైపులా తోటలు పోతున్నాయి. రాజ్యలక్ష్మి అత్త తిడుతుందని ఎదురుచూసింది. ఊరు దగ్గరపడ్డాక కనకమ్మ నోరు విప్పింది. సాయికుమార్ రెండు నెలల పిల్లాడప్పుడు తనకు టైఫాయిడ్ వచ్చిందని, నెల రోజులు లేవలేదని, లేచేసరికి పాలు ఇంకిపోయాయని చెప్పింది. మేకపాలు పట్టి పెంచారట. వాడు రొమ్ము కోసం వెతుక్కుంటుంటే గోడ వైపు తిరిగి ఏడ్చేదట.

"నువ్వెందుకు చేశావో నాకు తెలుసు" అంది. "కానీ ఒకటి చెప్తా విను. పాలు లేకపోయినా వాడు పెరిగాడు. నేను పోయుంటే వాడెట్టా పెరిగేవాడో నాకు తెలీదు."

రాజ్యలక్ష్మి ఆమె భుజం మీద తల పెట్టుకుంది. తల్లి లేకుండా ఎట్టా పెరుగుతారో తనకు తెలుసు.

సాయికుమార్‌కు ఆ సాయంత్రం కనకమ్మే చెప్పింది. అతను వచ్చి భార్య మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. నాకు చెప్పొచ్చుగా అన్నాడు. చెబితే పాలు మాన్పిస్తావనుకున్నాను అంది. అతను ఆలోచించి, మాన్పించేవాడినే అని ఒప్పుకున్నాడు. ఇకమీదట ఏ మందు సంగతైనా ముందు డాక్టరును అడగాలని, అడిగేదాకా ఇద్దరిలో ఎవరూ సొంతంగా ఏదీ తేల్చకూడదని మాట అనుకున్నారు.

మర్నాటి నుంచి లేయా రెండు రోజులు వచ్చి ఇంజెక్షన్ ఎలా చేసుకోవాలో నేర్పింది. ముందే మందు నింపిన చిన్న సిరంజి. పొట్ట చర్మం చిటికెతో పట్టుకుని గుచ్చుకోవాలి. మొదటిసారి రాజ్యలక్ష్మి సిరంజి లేయాకే తిరిగి ఇచ్చేసింది. మూడోసారికి, పాప ఏడుస్తుంటే నోటితో జోకొడుతూనే గుచ్చుకుంది. ఆరో రోజుకు అంకె మళ్ళీ రెండు దాటడంతో ఇంజెక్షన్లు ఆగిపోయాయి. సాయంత్రం ఏడుకు మాత్ర మాత్రం ఆగలేదు. కనకమ్మ చిన్న స్టీలు గిన్నె ఒకటి కేవలం మునగాకు కొలవడానికి కేటాయించింది. ఆ గిన్నెను వేరే దేనికి వాడినా ఊరుకునేది కాదు.

ఏప్రిల్ వచ్చింది. సోమవారం సోమవారం నూజివీడు వెళ్ళిరావడం రాజ్యలక్ష్మికి అలవాటైంది. ఎండల్లో కాలికి బిగుతు మేజోడు వేసుకోవడం ఒక్కటే ఆమెకు విసుగు. రెండుకూ మూడుకూ మధ్య ఉంటే మంచిదని, పరీక్ష కాగితం చేతికి రాగానే తనే చదువుకునేది. రెండున్నర వచ్చిన రోజు ఆమె నడకలో తేడా తెలిసేది. ఎడమ కాలు క్రమంగా కుడికాలితో సమానమైంది. పాప మెడ నిలబెట్టింది. ఎవరైనా పలకరిస్తే పాలు తాగడం ఆపి, తల వెనక్కి వాల్చి చూసి, నవ్వి, మళ్ళీ రొమ్ము పట్టుకునేది.

మే నెలలో కోతలు జోరందుకున్నాయి. రసాలు, బంగినపల్లి కాయలు ఒకేసారి పక్వానికి వచ్చాయి. సాయికుమార్ తోట వదిలి రాలేకపోయేవాడు, సోమవారాల ప్రయాణం కనకమ్మ మీదే పడేది. ఇది గమనించిన పాండురంగారావు ఒకరోజు సాయికుమార్‌ను పిలిచి మంచి మాట చెప్పాడు. ఆయనకు గుండె దడ ఉంది, ఆయనా రక్తం పలచబడే మాత్రే వేసుకుంటాడు. కొత్త రకం, దానికి వారం వారం రక్తపరీక్షలు అక్కర్లేదు, ఆకుకూరల పట్టింపూ లేదు. మీ ఆవిడకీ అదే వాడొచ్చుగా, ఈ తిరుగుడు తప్పుతుంది అని తన దగ్గరున్న మాత్రల అట్ట ఒకటి చేతిలో పెట్టాడు. ఆయన మనసులో మేలు తప్ప ఇంకేమీ లేదు.

సాయికుమార్ అట్ట తెచ్చి భార్యకు చూపించాడు. ఆమెకూ సంబరమే అనిపించింది, ఆ ఎండల్లో నూజివీడు బాధ తప్పితే ఎవరికి చేదు. కానీ తెరిచి చూడకుండానే పక్కన పెట్టింది. లేయాకు ఫోన్ చేసి మాత్ర పేరు చదివి చెప్పింది. లేయా డాక్టరును అడిగి చెబుతానంది. గంటకు డాక్టర్ కామేశ్వరే స్వయంగా ఫోన్ చేసింది. అది మంచి మందేనని, కాకపోతే పాలిచ్చే తల్లుల విషయంలో దాని గురించి ఇంకా తెలిసింది తక్కువని, పాలలోకి కొంత దిగుతుందని, పాప పాలు తాగినంతకాలం పాత మాత్రే మేలని చెప్పింది. పాలు మానేశాక అయితే అభ్యంతరం లేదంది. అడిగి మంచి పని చేశావంది.

రాజ్యలక్ష్మి మర్నాడు పాపను ఎత్తుకుని తోటకు వెళ్ళింది. కాన్పయ్యాక తోటలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పాండురంగారావు షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని బరువులు రాయిస్తున్నాడు. అట్ట తిరిగి ఇచ్చి, డాక్టరు అన్న మాట చెప్పింది.

"మీరు మా మంచికే ఇచ్చారండి. ఇది మీకు సరిపోతుంది, పాలిచ్చేవాళ్ళకు సరిపోదంట. నాకు పాత మాత్రే నయమంట."

ఆయన కళ్ళజోడు నొసటి మీదికి తోసుకుని అట్ట వంక, పాప వంక మార్చి మార్చి చూశాడు. తన మాత్ర గురించి ఇంత సంగతి తనకే తెలియదే అన్నాడు. పక్కన కూర్చుని కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వి, ఇకనుంచి సోమవారం సోమవారం తన కారు నూజివీడు మార్కెట్‌కు పోతుంది కదా, ముగ్గురూ అందులోనే వెళ్ళి రావచ్చని చెప్పాడు. ఆ తర్వాత సీజను అయ్యేదాకా అలాగే వెళ్ళారు. కారు నిండా రసాల వాసన. పాప నూజివీడు చేరేలోపే నిద్రపోయేది.

జూన్ ఆఖరి సోమవారం డాక్టర్ కామేశ్వరి మళ్ళీ స్కానింగ్ తీయించింది. రక్తనాళం శుభ్రంగా తెరుచుకుంది. మాత్రలు ఆపేయవచ్చంది. ఇంకోసారి కడుపుతో ఉన్నప్పుడు మాత్రం మొదటి నెలలోనే వచ్చి చెప్పాలని, అప్పుడు ఇంజెక్షన్లతో ముందు నుంచే జాగ్రత్తపడాలని ఫైలు మీద రాసింది. పాపను తూయించి, ఇంత బరువు ఉందేంటమ్మా అని నవ్వింది. ఆరు నెలలదాకా పాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దంది.

జూలై మొదటి వారంలో వాన పడింది. తోట పని అయిపోయి సాయికుమార్ ఇంటి దగ్గరే ఉంటున్నాడు. ఒకరోజు పొద్దున్న వరండాలో చాప మీద పాపను పడుకోబెట్టి, రాజ్యలక్ష్మి పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. పాప ఒక పక్కకు ఒత్తిగిల్లింది. కాలు ఒకటి ఎత్తి, మూలిగి, మళ్ళీ వెల్లకిలా పడింది. ఇంకోసారి ప్రయత్నించింది. మూడోసారికి ఒళ్ళంతా తిప్పి, చేయి పొట్ట కింద ఇరుక్కుపోయి, బోర్లా పడింది. తల ఎత్తి, ఇదేమిటి ఇలా అయిందన్నట్టు చూసింది.

రాజ్యలక్ష్మి బియ్యం చాట కింద పెట్టి, ఇరుక్కున్న చిన్ని చేతిని బయటికి తీసింది. సాయికుమార్ ఫొటో తీయడానికి ఫోను తీసుకుని వచ్చేసరికి పాప మొహం చాపకు ఆనించి పిడికిలి నాకుతోంది. కనకమ్మ గుమ్మంలో నిలబడి చూసి, బోర్లా పడితే బొబ్బట్లు చేయాలి కదా అంటూ లోపలికి వెళ్ళి శనగపప్పు నానబోసింది. సాయంత్రం బొబ్బట్లు కాలుతుంటే నేతి వాసన వీధిలోకి పోయింది. మొదటి వాయిలో నాలుగు పొట్లం కట్టి లేయాకు పంపారు.

రాజ్యలక్ష్మి గోడకు ఆనుకుని, రెండు కాళ్ళూ చాపుకుని కూర్చుంది. ఒళ్ళో పాప పాలు తాగుతోంది. కనకమ్మ వేడి బొబ్బట్టు తుంచి, ఊది, ఆమె నోట్లో పెట్టింది.